నిరీక్షణను లెక్కించిన అధ్యాపకుడు: లియొనార్డ్ క్లైన్‌రాక్ పరిశోధన జీవితం

సభాధ్యక్షులకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

కంప్యూటర్ నెట్‌వర్కుల చరిత్ర చెప్పమంటే మనం సాధారణంగా యంత్రాలతోనో, అవి మాట్లాడుకునే నియమాలైన ప్రొటోకాళ్లతోనో మొదలుపెడతాం. ఈరోజు నేను ఒక అధ్యాపకుడి గురించి మాట్లాడదలచుకున్నాను. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, అంటే యూసీఎల్ఏలో, 1963లో ఉద్యోగంలో చేరిన లియొనార్డ్ క్లైన్‌రాక్ తన పరిశోధన జీవితంలో అధిక భాగాన్ని ఒకే ప్రశ్న చుట్టూ నడిపారు. ఒక సందేశం గమ్యం చేరేలోపు దారిలో ఎక్కడెక్కడ, ఎంతసేపు ఆగాల్సి వస్తుందో ముందుగానే లెక్కగట్టగలమా అన్నది ఆ ప్రశ్న. దానికి ఆయన కాగితం మీద సమాధానం రాశారు, ఆ తర్వాత నిజమైన నెట్‌వర్కును చేతిలోకి తీసుకుని ఆ సమాధానం నిలుస్తుందో లేదో పరీక్షించారు. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేయడం మన రంగంలో అరుదు. అందుకే ఆయన జీవితాన్ని మీ ముందుంచాలనుకున్నాను.

క్లైన్‌రాక్ 1934లో న్యూయార్క్‌లో పుట్టారు. చిన్నతనంలో ఒక కామిక్ పుస్తకంలో చూసి, తండ్రి వాడేసిన రేజర్ బ్లేడు, పెన్సిలు ముక్క, కొంత తీగ పోగుచేసి క్రిస్టల్ రేడియో తయారుచేసిన సంగతి ఆయనే పలుచోట్ల చెప్పారు. బ్రాంక్స్ సైన్స్ హైస్కూల్లో చదువు ముగిశాక, పగటిపూట కాలేజీకి పంపే స్తోమత ఇంట్లో లేకపోవడంతో, పగలు ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ సంస్థలో పనిచేస్తూ సాయంత్రాలు సిటీ కాలేజీలో చదివి, 1957లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పట్టా అందుకున్నారు. అక్కడి నుంచి లింకన్ లాబొరేటరీ ఉపకార వేతనంతో ఎంఐటీకి వెళ్లారు.

ఎంఐటీలో ఆ రోజుల్లో, సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్ ప్రభావం ఎంత బలంగా ఉండేదంటే, ప్రతిభావంతుడైన ప్రతి విద్యార్థీ సమాచార సిద్ధాంతంలోనో కోడింగ్‌లోనో పరిశోధన చేయాలనుకునేవాడు. క్లైన్‌రాక్ ఆ దారి వదిలేశారు. షానన్ ముఖ్యమైన ప్రశ్నలు తేల్చేశాక మిగిలినవి కష్టమైనవే అయినా వాటి ఫలితం అంత పెద్దది కాదని ఆయన అంచనా. మరోవైపు చుట్టూ కంప్యూటర్లు పెరుగుతున్నాయి, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాల్సిన రోజు రాక తప్పదు, అందుకు టెలిఫోన్ వ్యవస్థ పనికిరాదు. టెలిఫోన్ సంభాషణలో ఇద్దరి మధ్య ఒక దారి కేటాయించి, మాట ముగిసేదాకా దాన్ని ఇంకెవరికీ ఇవ్వరు. కంప్యూటర్లేమో క్షణంపాటు కుప్పగా డేటా పంపి, ఆపైన చాలాసేపు మౌనంగా ఉంటాయి. ఆ మౌనం నడుస్తున్నంతసేపూ దారి ఖాళీగా పడి ఉండడం వృథా అని గుర్తించి, ఒకే దారిని అందరూ అవసరమైన క్షణంలో వాడుకోవాలంటే ఏం జరుగుతుందో పరిశీలించడానికి పూనుకున్నారు. అందరూ ఒకే దారి వాడుకుంటే జరిగేది ఒకటే, వరుసలు ఏర్పడతాయి.

వరుసల గణితం అప్పటికే ఉంది. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లోనే దానికి పునాది వేశారు. అనేక వరుసలు ఒకదాని తర్వాత ఒకటిగా గొలుసుకట్టుగా ఉన్నప్పుడు ఏమవుతుందో 1957లో జేమ్స్ జాక్సన్ చూపించారు. అయితే ఆ ఫలితాలను సందేశాల నెట్‌వర్కుకు నేరుగా అన్వయించడానికి ఒక అడ్డంకి ఉంది. విద్యార్థులు ఈ విషయాన్ని శ్రద్ధగా గమనించాలి. జాక్సన్ నమూనాలో ఒక పనికి ప్రతి కేంద్రంలో పట్టే సమయం, మరో కేంద్రంలో పట్టే సమయంతో సంబంధం లేకుండా ఉంటుంది. సందేశం సంగతి అలా కాదు. పొడవైన సందేశం మొదటి లింకు మీద, అంటే రెండు కూడళ్లను కలిపే దారి మీద, పొడవుగానే ఉంటుంది, పదో లింకు మీదా పొడవుగానే ఉంటుంది. అది మొదటి లింకును ఎక్కువసేపు ఆక్రమిస్తుంది కాబట్టి దాని వెనకొచ్చే సందేశం రెండో నోడుకు, అంటే రెండో కూడలికి, ఆలస్యంగా చేరుతుంది. దాంతో సందేశాల మధ్య ఎడమూ వాటి నిడివీ ఒకదానితో ఒకటి ముడిపడిపోయి, రెండో నోడు దగ్గరే లెక్క చేయి దాటిపోతుంది.

ఇక్కడ క్లైన్‌రాక్ తీసుకున్న నిర్ణయమే ఆయన పరిశోధనకు గుండెకాయ. సందేశం ఒక నోడుకు చేరిన ప్రతిసారీ పాత నిడివిని మరచిపోయి, చిన్న విలువలు తరచుగా, పెద్దవి అరుదుగా వచ్చే ఎక్స్‌పొనెన్షియల్ డిస్ట్రిబ్యూషన్ నుంచి కొత్త నిడివిని ఎంచుకుంటుందని అనుకుందాం అన్నారు ఆయన. స్వతంత్రతా ఊహ అని మన పాఠ్యపుస్తకాల్లో చదివేది ఇదే. ఇది వాస్తవానికి విరుద్ధమని ఆయనకు స్పష్టంగా తెలుసు. సందేశం దారిలో పెరగదు, తరగదు. కానీ ఒక నోడులోకి అనేక వైపుల నుంచి ట్రాఫిక్ వచ్చి కలిసి, మళ్లీ అనేక వైపులకు విడిపోతుంటే, ఆ కలగలుపులో పైన చెప్పిన ముడి చాలావరకు సడలిపోతుందని ఆయన భావించారు. భావించి ఊరుకోలేదు. లింకన్ లాబొరేటరీలోని టీఎక్స్-2 కంప్యూటర్ మీద సందేశాల అసలు నిడివిని మార్చకుండా నెట్‌వర్కులను సిమ్యులేట్ చేసి, ఊహతో వచ్చిన ఆలస్యాన్నీ ఊహ లేకుండా వచ్చిన ఆలస్యాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చారు. రెండూ దగ్గరగా వచ్చాయి. 1961లో ప్రతిపాదనగా మొదలైన ఈ పని 1963లో డాక్టరేట్‌గా, 1964లో పుస్తకంగా వచ్చింది. నా దృష్టిలో ఇందులోని గణితం కంటే విలువైనది ఈ పద్ధతి. లెక్క సాగడానికి ఒక అబద్ధం అవసరమైతే, అది అబద్ధమని ముందే చెప్పి, అది ఎంత నష్టం చేస్తుందో కొలిచి చూపించడం.

ఆ లెక్క చెప్పే విషయాన్ని ఒక్క ఉదాహరణతో వివరిస్తాను. రాకలు యాదృచ్ఛికంగా, నిడివి ఎక్స్‌పొనెన్షియల్‌గా ఉండే అతి సరళమైన వరుసను తీసుకోండి. అందులో ఒక సందేశానికి పట్టే సగటు సమయం, అసలు పంపడానికి పట్టే సమయాన్ని లింకులో మిగిలి ఉన్న ఖాళీ భాగంతో భాగిస్తే వస్తుంది. లింకు 50 శాతం నిండితే సమయం 2 రెట్లు, 80 శాతం నిండితే 5 రెట్లు, 90 శాతం దగ్గర 10 రెట్లు, 99 శాతం దగ్గర 100 రెట్లు అవుతుంది. చివరి పది శాతం సామర్థ్యాన్ని పిండుకోవాలన్న ఆశకు చెల్లించే మూల్యం ఇంత ఉంటుంది. దీనికి మరో పార్శ్వం ఉంది. ట్రాఫిక్‌నూ లింకు వేగాన్నీ రెంటినీ పదిరెట్లు పెంచితే నిండుదనం మారదు, ఆలస్యం మాత్రం పదో వంతుకు పడిపోతుంది. అంటే విడివిడిగా పది సన్నని లింకులు వేసుకోవడం కంటే అందరూ కలిసి ఒక లావాటి లింకును పంచుకోవడం మేలు. ఈనాటి ఇంటర్నెట్ వెన్నెముక లింకుల రూపకల్పన వెనక ఉన్నది ఈ సూత్రమే.

యూసీఎల్ఏలో చేరాక కొన్నేళ్లపాటు ఈ ఫలితాలను వాడుకునే నెట్‌వర్కే లేదు. ఎంఐటీలో ఆయన సహాధ్యాయి లారీ రాబర్ట్స్ అమెరికా రక్షణశాఖకు చెందిన ఆర్పాలో కంప్యూటర్ నెట్‌వర్కు బాధ్యత చేపట్టిన తర్వాత పరిస్థితి మారింది. నెట్‌వర్కు ఎలా ప్రవర్తిస్తుందో కొలిచే కేంద్రాన్ని యూసీఎల్ఏకు అప్పగించారు, అందువల్లే ఆర్పానెట్ అనే ఆ నెట్‌వర్కు మొదటి నోడు అక్కడ వెలిసింది. ఇంప్ అని పిలిచిన ఆ స్విచ్చును బీబీఎన్ సంస్థ హనీవెల్ మినీ కంప్యూటర్ ఆధారంగా తయారుచేసి పంపగా, 1969 సెప్టెంబరు 2న దాన్ని విశ్వవిద్యాలయ కంప్యూటరుకు అనుసంధానించారు. అక్టోబరు 29 రాత్రి పదిన్నరకు చార్లీ క్లైన్ అనే విద్యార్థి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ కంప్యూటరుకు లాగిన్ కాబోయి, మొదటి రెండు అక్షరాలు చేరాక అవతలి వ్యవస్థ కుప్పకూలిన కథ మీలో చాలామందికి తెలిసిందే. ఆ కథ అందమైనదే గానీ, కొలత కేంద్రం ఆ తర్వాతి నాలుగైదేళ్లలో చేసిన పని దానికంటే ఎన్నో రెట్లు ముఖ్యమైనది.

అక్కడికి వెళ్లేముందు ఒక వివాదం ప్రస్తావించక తప్పదు. ప్యాకెట్ స్విచింగ్‌కు ఆద్యుడు ఎవరన్న విషయంలో క్లైన్‌రాక్ తన సిద్ధాంత వ్యాసానికి ఇచ్చుకున్న స్థానాన్ని అందరూ ఒప్పుకోలేదు. సందేశాలను చిన్న తునకలుగా చేసి చెదురుమదురు దారుల్లో పంపే పద్ధతిని ర్యాండ్ సంస్థలో పాల్ బారన్ 1964 నాటి నివేదికల్లో వివరించారు. బ్రిటన్ జాతీయ భౌతిక ప్రయోగశాలలో డొనాల్డ్ డేవిస్ 1965 నుంచి స్వతంత్రంగా అదే ఆలోచన చేసి, ప్యాకెట్ అన్న పేరూ పెట్టారు. డేవిస్ మరణానంతరం 2001లో అచ్చయిన ఆయన వ్యాసం క్లైన్‌రాక్ వాదనను సూటిగా ఖండించింది. రెండు వైపుల రచనలూ చదివాక నాకు కలిగిన అభిప్రాయం ఇది. ప్యాకెట్లుగా విడగొట్టడమనే రూపకల్పన బారన్, డేవిస్‌లది. అలాంటి నెట్‌వర్కులో ఆలస్యాన్ని విశ్లేషించే గణితం క్లైన్‌రాక్‌ది. ఆయన గొప్పతనం నిలబడడానికి ఈ రెండోది చాలు. మొదటిదాన్ని కూడా ఆయనకే కట్టబెట్టే ఉపన్యాసాలు విన్నప్పుడు బాధ కలుగుతుంది, ఎందుకంటే అసలు చేసిన పని ఆ వివాదపు నీడలో మరుగున పడిపోతోంది.

ఇప్పుడు కొలత కేంద్రం గురించి. ఇంప్‌లలోనే కొలిచే పనిముట్లు అమర్చారు. ఒక ప్యాకెట్‌కు గుర్తు పెడితే, దారిలోని ప్రతి ఇంప్ అది ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు వెళ్లిందో నివేదిక పంపుతుంది. అడిగిన క్షణంలో వరుసల పొడవును, ఏ గమ్యానికి ఏ దారిన పంపాలో చెప్పే రూటింగ్ పట్టికను చిత్రంలా తీసి పంపే సౌకర్యం కూడా ఉంది. వీటికి తోడు కావలసినంత కృత్రిమ ట్రాఫిక్ పుట్టించే ఏర్పాటూ ఉంది. ఈ చివరిదాన్ని యూసీఎల్ఏ బృందం నెట్‌వర్కును విరగ్గొట్టడానికి వాడింది. 1970 ఆరంభంలో బీబీఎన్ నుంచి బాబ్ కాన్ అక్కడికి వచ్చి, కాగితం మీద తాను ఊహించిన ప్రమాదాలను నిజమైన నెట్‌వర్కు మీద ఆ బృందంతో కలిసి రుజువు చేశారు.

వాటిలో ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. ఆర్పానెట్‌లో ఒక సందేశం దాదాపు 8,000 బిట్ల దాకా ఉండవచ్చు, దాన్ని గరిష్ఠంగా ఎనిమిది ప్యాకెట్లుగా విడగొట్టి పంపుతారు, గమ్యస్థానంలోని ఇంప్ వాటన్నిటినీ కూర్చి కంప్యూటరుకు అందించాలి. కూర్చడానికి ఆ ఇంప్‌లో కొద్దిపాటి బఫర్ స్థలం, అంటే ప్యాకెట్లను తాత్కాలికంగా ఉంచే చోటు, ఉంటుంది. ఒకే గమ్యానికి అనేక చోట్ల నుంచి పొడవైన సందేశాలు ఒక్కసారిగా బయల్దేరాయనుకోండి. ఒక సందేశం తాలూకు ఐదు ప్యాకెట్లు, మరోదాని తాలూకు ఆరు, ఇంకోదాని తాలూకు మూడు వచ్చి చేరి, స్థలమంతా నిండిపోతుంది. వీటిలో ఏ ఒక్కటీ పూర్తి కాలేదు కాబట్టి దేన్నీ కంప్యూటరుకు అప్పగించి స్థలం ఖాళీ చేసే వీలులేదు. పూర్తి చేయగలిగిన ప్యాకెట్లు పక్క ఇంప్‌లలో ఉన్నాయి. అయితే ఆ పక్క ఇంప్‌ల బఫర్లు ఇదే గమ్యానికి వెళ్లాల్సిన వేరే సందేశాల ప్యాకెట్లతో నిండిపోయి ఉన్నాయి, వాటిని లోపలికి రానివ్వడానికి గమ్యంలో చోటు లేదు. కావలసిన ప్యాకెట్లు వాటి వెనక చిక్కుకున్నాయి. ఏ యంత్రమూ చెడిపోలేదు, ఏ తీగా తెగలేదు, ప్రతి ప్రోగ్రామూ తనకు చెప్పిన పని తు.చ. తప్పకుండా చేస్తోంది. అయినా ఆ ప్రాంతమంతా శాశ్వతంగా స్తంభించింది.

దీనికి విరుగుడుగా, ఒకటికి మించి ప్యాకెట్లున్న సందేశం పంపేముందు గమ్యాన్ని అడిగి, ఎనిమిది ప్యాకెట్ల స్థలం తన పేర రిజర్వు చేయించుకున్నాకే పంపాలన్న నియమం తెచ్చారు. సమస్య తీరిందనే అనుకున్నారు. 1973 డిసెంబరులో, క్రిస్మస్‌కు కొద్దిరోజుల ముందు, యూసీఎల్ఏ కొలత పనిముట్టు అన్ని కేంద్రాల నుంచీ ఒకేసారి స్థితి నివేదికలు తెప్పించుకుంటున్నప్పుడు అక్కడి ఇంప్ మళ్లీ స్తంభించింది. ఆరా తీస్తే, నియమం ప్రకారం ప్యాకెట్ల స్థలం రిజర్వు అయింది గానీ, వాటిని కూర్చేటప్పుడు వాడే మరో చిన్న నిర్వహణ ఖండం ఒకటుందని, దాన్ని రిజర్వు చేయడం ఎవరికీ తట్టలేదని తేలింది. పరిమితంగా ఉండే వనరుల్లో ఒక్కదాన్ని లెక్కలో చేర్చకపోయినా మిగతా జాగ్రత్తలన్నీ వృథా అవుతాయి. కొత్త ప్రొటోకాల్ రాసే విద్యార్థులకు నేను ముందుగా చెప్పే సంఘటన ఇదే.

విరగ్గొట్టడంతోపాటు ఓపికగా గమనించడమూ ఆ బృందం చేసింది. 1973 ఆగస్టులో వారం రోజులపాటు నెట్‌వర్కు మొత్తాన్ని నిరంతరాయంగా కొలిచారు. రూపకర్తలు పొడవైన ఫైళ్ల కోసం అంత శ్రమపడి ఏర్పాట్లు చేస్తే, వాస్తవంలో సందేశాల్లో అత్యధిక భాగం ఒక్క ప్యాకెట్‌లో ఇమిడిపోయేంత చిన్నవని తేలింది. ఒకే ఆవరణలోని రెండు కంప్యూటర్లు పక్కపక్కనే ఉండి కూడా ఇంప్ ద్వారా మాట్లాడుకుంటున్నాయని, దాన్ని నెట్‌వర్కు రూపకర్తలు ఊహించలేదని కూడా బయటపడింది. సగటు ఆలస్యం మాత్రం రూపకల్పనలో పెట్టుకున్న 0.2 సెకన్ల లక్ష్యం లోపలే ఉంది. ఈ ఫలితాలన్నీ 1975, 1976లలో రెండు సంపుటాలుగా వచ్చిన ఆయన క్యూయింగ్ సిస్టమ్స్ పుస్తకంలోకి చేరాయి. మొదటి సంపుటం సిద్ధాంతం. రెండో సంపుటంలో ఆర్పానెట్ స్తంభించిన తీరులన్నీ పేర్లతో సహా ఉన్నాయి. తమ నెట్‌వర్కు విఫలమైన సందర్భాలను పాఠ్యపుస్తకంలో ఇంత వివరంగా, ఇంత నిజాయితీగా రాసినవారు చాలా తక్కువ.

ఆయన ప్రయోగశాలలో అప్పుడు పనిచేసిన విద్యార్థుల్లో వింట్ సెర్ఫ్, స్టీవ్ క్రాకర్, జాన్ పోస్టెల్ ఉన్నారు. సెర్ఫ్ డాక్టరేట్‌కు పర్యవేక్షకుడు జెరాల్డ్ ఎస్ట్రిన్, క్లైన్‌రాక్ కాదు. అయినా నెట్‌వర్కును కొలిచే పని అతను నేర్చింది ఈ ప్రయోగశాలలోనే. ప్రొటోకాళ్ల గురించి అందరి అభిప్రాయం కోరుతూ రాసే ఆర్ఎఫ్‌సీ పత్రాల్లో మొదటిదాన్ని క్రాకర్ 1969 ఏప్రిల్‌లో రాశారు. ప్రొటోకాళ్లు ఎలా ఉండాలో పైనుంచి ఎవరూ శాసించకపోవడంతో, పరిశోధక విద్యార్థులే కూర్చుని రాసుకున్నారు. ఆ స్వేచ్ఛ ఇవ్వడం కూడా ఒక ఆచార్యుడి పనిలో భాగమే, దాన్ని ఏ ప్రచురణల జాబితాలోనూ లెక్కించలేం.

సొంత విద్యార్థులతో చేసిన పనిలో రెండింటిని చెబుతాను. హవాయిలో నార్మన్ ఏబ్రంసన్ అలోహా రేడియో నెట్‌వర్కు కట్టాక, అందరూ ఇష్టం వచ్చినప్పుడు ప్రసారం చేస్తే ఢీకొనడాలు పోను ఛానెల్‌లో 18 శాతమే ఉపయోగపడుతుందని, కాలాన్ని గడులుగా విభజిస్తే అది 37 శాతం దాకా వెళ్తుందని లెక్క తేలింది. ప్రసారం చేసేముందు ఛానెల్‌ను ఒకసారి వినమంటే ఎంత మెరుగవుతుందో క్లైన్‌రాక్, ఫువాద్ తొబాగీ 1975లో విశ్లేషించారు. పక్కవాడి ప్రసారం తనకు వినపడని స్టేషన్ వల్ల వచ్చే చిక్కును, అంటే ఈనాడు హిడెన్ టెర్మినల్ అని మనం చదివే సమస్యను, అదే పరంపరలో వివరించారు. మీ వైఫై కార్డు ప్రతి ప్యాకెట్‌కు ముందు ఛానెల్‌ను వింటున్నదంటే ఆ విశ్లేషణను ఇంకా పాటిస్తున్నట్టే. రెండోది ఫరూక్ కమూన్‌తో 1977లో చేసిన పని. నోడ్లను గుంపులుగా, ఆ గుంపులను మళ్లీ పెద్ద గుంపులుగా అమర్చితే, వెయ్యి నోడ్ల నెట్‌వర్కులో ప్రతి రూటరుకు వెయ్యి వరుసల పట్టికకు బదులు సుమారు 19 వరుసలు సరిపోతాయని, నెట్‌వర్కు పెద్దదైన కొద్దీ దారి పొడవులో కలిగే నష్టం స్వల్పమవుతుందని వారు నిరూపించారు.

1988లో అమెరికా జాతీయ పరిశోధన మండలి తరఫున ఆయన అధ్యక్షతన వెలువడిన జాతీయ పరిశోధన నెట్‌వర్కు నివేదిక, అప్పటి సెనేటర్ ఆల్ గోర్ తెచ్చిన 1991 నాటి చట్టానికి దారితీసింది. 2001లో డ్రేపర్ బహుమతి, ఆపైన 2007 సంవత్సరపు జాతీయ సైన్స్ పతకం వచ్చాయి. వీటి గురించి ఇంతకంటే చెప్పనవసరం లేదు.

చివరగా, మీ పరిశోధనకు దగ్గరి విషయం ఒకటి. ఒక లింకును ఎంత నింపితే బాగుంటుంది? ఎక్కువ నింపితే పని ఎక్కువ జరుగుతుంది, ఆలస్యం పెరుగుతుంది. తక్కువ నింపితే దీనికి విరుద్ధం. జరిగిన పనిని ఆలస్యంతో భాగించగా వచ్చే విలువను పవర్ అన్నారు. 1970ల చివర్లో క్లైన్‌రాక్ ఈ విలువ ఎక్కడ గరిష్ఠమవుతుందో చూశారు. ఇందాక చెప్పిన సరళమైన వరుసలో అది లింకు సగం నిండినప్పుడు వస్తుంది, అప్పుడు వ్యవస్థలో సగటున ఒక్క సందేశమే ఉంటుంది. లింకు మీద ఒక సందేశం వెళ్తూ ఉండాలి, దాని వెనక ఏదీ వేచి ఉండకూడదు. లింకు అనే గొట్టం సరిగ్గా నిండాలి, పొంగకూడదు.

1981లో జెఫ్రీ జాఫీ ఈ స్థితికి ఎవరి స్థానిక సమాచారంతో వారు చేరుకోవడం అసాధ్యమని నిరూపించడంతో చాలామంది దాన్ని పక్కన పెట్టేశారు. 1986లో ఇంటర్నెట్ రద్దీతో కుప్పకూలి, బర్క్‌లీ దగ్గర ఒక లింకు వేగం సెకనుకు 32,000 బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయాక, వాన్ జేకబ్సన్ ప్యాకెట్ పోవడాన్నే రద్దీకి సంకేతంగా తీసుకుని, ఇంటర్నెట్‌లో డేటాను నమ్మకంగా చేరవేసే ప్రొటోకాల్ అయిన టీసీపీని కాపాడారు. ఆ పద్ధతిలో బఫర్ నిండి పొంగితే తప్ప పంపేవాడికి విషయం తెలియదు. కంప్యూటర్ మెమరీ చవకై బఫర్లు పెద్దవైన కొద్దీ నిరీక్షణ కూడా పెద్దదైంది. 2016లో అదే జేకబ్సన్, గూగుల్‌లోని సహచరులతో కలిసి బీబీఆర్ అనే కొత్త రద్దీ నియంత్రణ పద్ధతిని ప్రకటించినప్పుడు, తాము చేరాలనుకుంటున్నది క్లైన్‌రాక్ చూపిన బిందువుకేనని రాశారు. జాఫీ చెప్పిన అడ్డంకికి వారు కాలంతో సమాధానం చెప్పారు. గొట్టం నిండినప్పుడే లింకు గరిష్ఠ వేగం తెలుస్తుంది, ఖాళీ అయినప్పుడే అసలు ప్రయాణ సమయం తెలుస్తుంది, రెంటినీ ఒకే క్షణంలో కొలవలేం కాబట్టి వంతులవారీగా కొలవాలి. అందుకే బీబీఆర్ తొలి రూపం దాదాపు పది సెకన్లకోసారి 200 మిల్లీసెకన్లపాటు తన ప్యాకెట్లను నాలుగుకు తగ్గించుకుని గొట్టాన్ని ఖాళీ చేసి చూస్తుంది. 2018లో, ఎనభై నాలుగేళ్ల వయసులో, క్లైన్‌రాక్ ఈ విషయం మీద మళ్లీ ఒక వ్యాసం ప్రచురించారు.

బీబీఆర్ తొలి రూపం, చిన్న బఫర్లున్న చోట పాత పద్ధతి పాటించే డేటా ప్రవాహాలకు దక్కాల్సిన వాటాను లాక్కుంటుందని ఆ తర్వాతి ప్రయోగాల్లో తేలింది. ఒక్క ప్రవాహానికి ఉత్తమమైన బిందువు ఏదో మనకు తెలుసు. వేర్వేరు పద్ధతులు పాటించే వేల ప్రవాహాలు ఒకే లింకు మీద కలిసినప్పుడు అందరినీ ఆ బిందువు దగ్గర న్యాయంగా నిలబెట్టే పద్ధతి ఇంకా తేలలేదు. సగం దగ్గర గరిష్ఠం ఎందుకు వస్తుందన్నది మూడు పంక్తుల లెక్క. దాన్ని ఇప్పుడు బోర్డు మీద చేసి చూపిస్తాను, ఆ తర్వాత మీ ప్రశ్నలు తీసుకుంటాను.